పేలికల మూట: తొలి కుట్టుమిషను కొనబోవువారితో



ఈ పూట మీతో ఒక్క విషయమునే ప్రస్తావింపదలచినాను. తొలిసారిగా కుట్టుమిషను కొనబోవువారు దానిని ఎట్లు ఎన్నుకొనవలెను? అంతే. చిన్న ప్రశ్నవలె కనిపించును. కాని మన ఉత్తరాంధ్ర పల్లెలలో ముప్పది సంవత్సరములు ఆడపిల్లలకు కుట్టుపని నేర్పినదానను గనుక, ఈ ప్రశ్నకు తప్పు జవాబు దొరికిన ఇంటిలో ఎంత సొమ్ము, ఎంత ఆశ మూలబడిపోవునో నేనెరుగుదును.

శ్రీకాకుళము జి.టి. రోడ్డులో గాని, విజయనగరము గంటస్తంభము చుట్టునున్న బజారులో గాని, మిషన్ల అంగడి ముందు నిలిచి, నల్లని మిషను వైపు ఒకసారి, తెల్లని మిషను వైపు ఒకసారి చూచి, అంగడివారు చెప్పు మాటలలో సగము తెలిసి సగము తెలియక, డబ్బును మరల కొంగున ముడివేసికొని, ఏమియు తేల్చుకొనలేక తిరిగి బస్సెక్కిన ఆడపడుచులను నేను అనేక పర్యాయములు చూచినాను. వారిలో కొందరిని వెనుకకు పిలిచినాను కూడ. నేటి మాటలు వారి కొరకే.

"ఏ మిసను మంచిదమ్మా?"

నా వద్దకు వచ్చిన ప్రతి పిల్లయు మొదట అడిగిన మాట ఇది. నేను తిరిగి అడిగిన మాటయు ఎల్లప్పుడును ఒక్కటే.

"నువ్వు ఏ గుడ్డ కుడతావమ్మా?"

ఈ రెండవ ప్రశ్నకు జవాబు తెలిసినగాని మొదటి ప్రశ్నకు జవాబు లేదు.

కళింగపట్నము వద్దనో, భావనపాడు వద్దనో సముద్రపుటొడ్డున వలలు బాగుచేసికొనుచు కూర్చున్న మన మత్స్యకారులను చూచియుందురు. వారిలో ఎవరినైనను, "తాతా, ఏ వల మంచిది?" అని అడిగి చూడండి. ఆయన మీ ముఖము వంక చూచి, "ఏ చేపకమ్మా?" అని అడుగును. కవళ్ళకు వేయు వల కన్ను వేరు. వంజరమునకు వేయు వల కన్ను వేరు. పెద్ద కన్ను వలలో చిన్న చేప నిలువదు. చిన్న కన్ను వల పెద్ద చేపకు తాళదు. వల మంచిదా కాదా అన్నది వలలో లేదు, చేపలో ఉన్నది. మిషను సంగతియు ఇట్టిదే. మిషను మంచిదా కాదా అన్నది మీరు కుట్టబోవు గుడ్డలో ఉన్నది.

కనుక ఈ ప్రసంగమునందు నేను చెప్పదలచిన ఉపాయము ఒక్కటే. మిషను కొనుటకు వెళ్ళునప్పుడు డబ్బు మాత్రమే తీసికొని వెళ్ళకండి. పేలికల మూట ఒకటి కట్టుకొని వెళ్ళండి. మీరు ఇంటి దగ్గర నిజముగా ఏయే గుడ్డలు కుట్టబోవుదురో ఆ గుడ్డలలోనుంచి ఒక్కొక్క జానెడు ముక్క. ఆ ముక్కలను అంగడిలోని మిషను చేత కుట్టించి చూడండి. మిషను గుణము అంగడివారు చెప్పనక్కరలేదు. ఆ ముక్కలే చెప్పును.

మూటలో ఏముండవలెనో చెప్పెదను. తొందరలేదు, మెల్లగా వినండి. జాకెట్లకు వాడు టూ బై టూ గుడ్డముక్క ఒకటి. లంగాలకు వాడు పాప్లిన్ ముక్క ఒకటి. బడిపిల్లల నిక్కరు గుడ్డ, అనగా కొంచెము మందముగా నుండునది, ఒకటి. చేతిలో నిలువక జారిపోవు నైలాను గుడ్డయో పట్టుగుడ్డయో ఒకటి. చంటిపిల్లల చొక్కాలు కుట్టదలచినవారైనచో మల్లుగుడ్డ ముక్క కూడ పెట్టండి. అంతటితో మూట నిండినది. కొత్త గుడ్డ కొననక్కరలేదు. ఇంటిలోని పాత చీరల అంచులు, కత్తిరింపులలో మిగిలిన కోతలు చాలును.

పొందూరు చుట్టుప్రక్కల నుంచి వచ్చిన పిల్లలకు మాత్రము నేను మరొక ముక్క కూడ మూటలో పెట్టుమని చెప్పుచుండెడిదానను. పొందూరు సన్నఖాదీ ముక్క. దీనిని గూర్చి రెండు మాటలెక్కువ చెప్పినను మీరు విసుగుకొనరని తలచుచున్నాను. ఎందుచేతననగా గుడ్డకును సూదికిని గల సంబంధమును నాకు నేర్పినది ఆ గుడ్డయే. కొండపత్తిని తెచ్చి, వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, ఆ దువ్వుటలో నలుసులన్నియు పోగొట్టి, గింజ తీసి, ఏకి, ఏకులను ఎండిన అరటిబోదెలో దాచి, ఆపైన మగ్గమెక్కుటకు తగిన సన్ననూలు ఆడవారు రాట్నము మీద వడికి, ఇన్ని చేతులు మారిన తరువాత నేయబడిన వస్త్రమది. సన్నదనములో వంద కౌంటు వరకు చేరు నూలది. గాంధీజీ మన్ననలు పొందిన ఖద్దరది. ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘము పేర ఈనాటికిని ఆ పని అక్కడ సాగుచున్నది. ఇంతమంది చేతి చలువతో తయారైన ఆ గుడ్డను తీసికొనివచ్చి, నిక్కరు గుడ్డ కుట్టు లావుపాటి సూది క్రింద పెట్టినచో ఏమగును? కుట్టు వెంబడి వరుసగా చిల్లులు పడును. నూలుపోగులు తెగును. ఒక్కసారి ఉతికిన తరువాత ఆ చిల్లులు నోళ్ళు తెరచును. నేను నేర్చుకొను దినములలో ఆ విధముగా ఒక చొక్కా పాడుచేసినాను. ఆ చొక్కా మా నాన్నగారిది. ఆయన ఒక్క మాటయు అనలేదు. దానిని మడిచి పెట్టెలో పెట్టుకొన్నారు. నాటినుండి నేటివరకు, సూదిని చూడక గుడ్డను మిషను క్రింద పెట్టిన దినము లేదు.

సూదులకు అంకెలుండును. అంకె చిన్నదైనకొలది సూది సన్నము. అంకె పెద్దదైనకొలది సూది లావు. ఇంత గుర్తుంచుకొన్నచో చాలును. సన్నఖాదీ, మల్లు, పట్టు వంటి సన్నని గుడ్డలకు 9 నంబరు గాని 11 నంబరు గాని సూది. ఇంటిలో దినదినము కుట్టు జాకెట్టు, లంగా గుడ్డలకు 14 నంబరు సూది. నిక్కరు గుడ్డకు 16. జీన్సు వంటి మోటుగుడ్డకు 18. మరల చెప్పుచున్నాను: సన్నగుడ్డకు చిన్న అంకె, మోటుగుడ్డకు పెద్ద అంకె. అంగడిలో మిషనును పరీక్షించునప్పుడు గుడ్డ మార్చినప్పుడెల్ల సూది కూడ మార్చి చూపుమని అడగండి. సిగ్గుపడకండి. సూది మార్చుటకు ఒక నిమిషము పట్టును. మీరు కొను మిషను మీ ఇంటిలో ఇరువది సంవత్సరములుండును.

ఇక కుట్టు ఎట్లు పడునో తెలిసికొందము. తెలిసినచో పరీక్షించుట సులువగును.

చేతికుట్టునందు దారము ఒక్కటే; మిషను కుట్టునందు దారములు రెండు. ఒకటి పైన సూదిలోనుంచి వచ్చును. రెండవది క్రింద, దారము చుట్టిన చిన్న కండెయగు బాబిన్‌లోనుంచి వచ్చును. సూది గుడ్డను గ్రుచ్చి క్రిందికి దిగి, కొంచెము పైకి లేచునప్పుడు, పైదారము చిన్న మడతవలె వదులగును; ఆ మడతను, బాబిన్‌ను పట్టియుండు షటిల్ ముక్కు అందుకొని, బాబిన్ చుట్టు త్రిప్పి, క్రిందిదారముతో మెలివేయును. సూదికి కన్ను మొనవైపున పెట్టి, రెండు దారములను ఈ విధముగా మెలివేయు యంత్రమునకు అమెరికాలో ఎలియాస్ హోవ్ 1846లో పేటెంటు పొందినాడు. ఐజాక్ సింగర్ 1851లో తన యంత్రమునకు పొందినాడు. ఇన్ని తరములు గడచినను మీరు కొనబోవు మిషనులో జరుగు పని అదే.

ఆ రెండు దారములు ఎక్కడ కలిసికొనవలెను? గుడ్డ నడుమ. కంచెకు ఇరుప్రక్కల నిలిచిన ఇద్దరు పిల్లలు కంచె సందులో చేతులు కలుపుకొన్నారనుకొనండి. ఇద్దరును సమముగా పట్టుకొన్నచో చేతులు కంచె నడుమనే ఉండును. ఒకడు గట్టిగా లాగినచో రెండవవాని చేయి ఇవతలకు వచ్చును. మిషనులో దారములును అంతే. పైదారము బిగువెక్కువైనచో క్రిందిదారము చుక్కలు చుక్కలుగా పైకి వచ్చును. పైదారము వదులైనచో అదే క్రిందికి పోయి ఉచ్చులు కట్టును.

దీనిని కంటితో చూచుటకు సులువైన పద్ధతి కలదు. పైన ఎర్రదారము ఎక్కించుమనండి. క్రింద తెల్లదారము వేయుమనండి. మీ మూటలోని పాప్లిన్ ముక్కను రెండు మడతలు చేసి కుట్టించండి. ఇప్పుడు ముక్కను చేతిలోకి తీసికొని చూడండి. పైవైపు ఎరుపు మాత్రమే కనిపించవలెను. క్రిందివైపు తెలుపు మాత్రమే కనిపించవలెను. పైన తెల్లచుక్కలున్నవా? పైదారము బిగిసియున్నది. క్రింద ఎర్రచుక్కలున్నవా? పైదారము వదులైనది. అంగడివారు పైదారపు బిగువు మరను కొంచెము త్రిప్పి సరిచేయుదురు. సరిచేసిన తరువాత మరల కుట్టించండి. సరియైనచో మంచిది. ఎంత త్రిప్పినను సరికాకున్నచో ఆ మిషనును అక్కడనే వదలిరండి.

బొబ్బిలి వీణ చేయువారిని ఎప్పుడైన చూచితిరా? బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసమాను ఒక్కదానిలోనుంచి వీణనంతటిని తొలిచి తీయుదురు. అంత శ్రమపడి చేసిన వీణయైనను తంత్రి వదులుగా నున్నచో పలుకదు, మితిమీరి బిగించినచో తెగును. వాయించువారు ప్రతి దినమును శ్రుతి చూచుకొనుచునే ఉందురు. మిషను దారపు బిగువునకు కూడ ఆ విధముగనే ప్రతి దినము, ప్రతి గుడ్డకు, శ్రుతి కలుపవలెను. కొత్తగా నేర్చుకొనువారు ఆ మరను ముట్టుకొనుటకు భయపడుదురు. భయపడవద్దు. ఒకసారికి పావుచుట్టు మాత్రము త్రిప్పండి, కుట్టి చూడండి.

పాప్లిన్ అయినది. ఇక మూటలోని తక్కిన ముక్కలు. జారిపోవు గుడ్డను పెట్టి, కుట్టు పడుచుండగా దానిమీదనుంచి చేయి తీసివేయండి. మిషను పళ్ళు గుడ్డను తిన్నగా ముందుకు జరుపుచున్నవా, లేక ప్రక్కకు ఈడ్చుచున్నవా చూడండి. తరువాత నిక్కరు గుడ్డను నాలుగు మడతలు వేసి పెట్టండి. సూది గుటకలు మ్రింగక దిగవలెను. చివరకు మల్లుగుడ్డ. ఇది కఠినమైన పరీక్ష. కుట్టు వెంబడి గుడ్డ ముడతలు పడి దగ్గరకు లాగుకొనిపోయినచో, ఆ మిషనుతో చంటిపిల్లల బట్టలు కుట్టుట ప్రాణమునకు కష్టము.

ఈ మల్లుగుడ్డ ముచ్చట నాకు మా పిన్ని వలన తెలిసినది. ఆమె నాగావళి ఒడ్డున ఒక పల్లెలో ఉండెడిది. భర్త పోయిన తరువాత ఇద్దరు పిల్లలతో బ్రతుకవలసి వచ్చి, ఊరిలో పసిపిల్లల గౌనులు, జుబ్బాలు కుట్టి గడుపుకొందునని నిశ్చయించుకొని, చేతి గాజులమ్మి పట్టణములో ఒక అంగడికి పోయినది. అక్కడివారు బరువైన మిషనే గట్టి మిషనని చెప్పి, ప్యాంట్లు, కోట్లు కుట్టు దర్జీలు వాడు పెద్ద మిషనును ఆమెకు అంటగట్టినారు. మిషను చెడ్డది కాదు. దర్జీ చేతిలో అది బంగారము. కాని దాని పని మోటుగుడ్డ. మా పిన్ని పని మల్లుగుడ్డ. ఆమె ఎన్ని విధముల బిగువు మార్చినను గౌను కుట్లు ముడతలు పడుచునే ఉండెను. తొక్కితొక్కి ఆమె మోకాళ్ళు వాచెను. ఆరు నెలలు గడచునప్పటికి ఆ మిషను మీద ధాన్యపు బస్తా చేరినది. మూటతో పోయియుండినచో ఆమె గాజులు నిలిచియుండెడివని నేను ఈనాటికిని బాధపడుచుందును. అందుచేతనే ఒక్క మాటను ఇన్నిసార్లు చెప్పుచున్నాను.

ఇక మిషన్లలో రకములు. వీటిని త్వరగా దాటిపోవుదును.

చేతిమిషను చిన్నది, తేలికైనది. మా అమ్మమ్మగారి ఇంట రెండవ ప్రపంచయుద్ధమునకు పూర్వము తాతగారు రంగమునుంచి, అనగా రంగూనునుంచి, ఓడమీద తెచ్చిన చేతిమిషను ఒకటి ఉండెడిది. దాని చక్రము పిడి పట్టుకొని త్రిప్పుట నాకు బాల్యములో ఆట. కాని కుడిచేయి పిడి మీద ఉండిపోవును గనుక గుడ్డను ఒంటిచేతితోనే నడుపవలెను. కొత్తవారికి అది కష్టము. కాళ్ళలో శక్తి లేనివారికి మాత్రము అది వరము.

తొక్కుడు మిషనులో చక్రము కాలితో తిరుగును. రెండు చేతులును గుడ్డ మీద ఉండును. మీరు మెల్లగా తొక్కినచో అది మెల్లగా పోవును, ఆపినచో ఆగును. తిన్నని కుట్టు ఒక్కటే కుట్టు నల్లని తొక్కుడు మిషను: తొలిమిషనుగా నేను కొనుమని చెప్పునది ఇదే. ఉషా, సింగర్, మెరిట్, ఏ పేరుదైనను సరే. కలకత్తాలోని జే ఇంజనీరింగ్ వర్క్సువారు ఉషా మిషన్లను స్వాతంత్ర్యమునకు పూర్వమే తయారుచేయసాగినారు. ఈ నమూనా ఇన్ని దశాబ్దములుగా వాడుకలో ఉండుట చేత దీనిని విప్పి బిగింపగల మెకానిక్కు ప్రతి చిన్న పట్టణములోను ఉన్నాడు. బాబిన్, బాబిన్ కేసు, బెల్టు పాలకొండలోను దొరకును, పలాసలోను దొరకును. కొనుటకు ముందు ఒక్క ప్రశ్న వేసికొనండి: ఇది పాడైనచో ఏ ఊరికి, ఏ బస్సులో తీసికొనిపోవలెను? ఆ ఊరు దూరమైనకొలది మిషను ధర పెరిగినట్లే లెక్క.

కరెంటు మిషన్ల మాట. ఇవి చీర అంచునకు పికో చేయును, కాజాలు కుట్టును, పూవులు కూడ వేయును. మంచివే. పికో, జిగ్‌జాగు పని మీద ఆదాయము కూడ ఉన్నది. కాని తిన్నని కుట్టు చేతికి రానివారు ఇరువది రకముల కుట్లున్న మిషను కొనుట, ఓనమాలు దిద్దకమునుపు అష్టావధానమునకు కూర్చొనుట వంటిది. పనివాటము వచ్చి, నాలుగు రూపాయలు చేతిలో ఆడిన తరువాత రెండవ మిషనుగా దానిని కొనండి. ఇక ఫ్యాక్టరీలలో ఉండు పవర్ మిషన్లు నిమిషమునకు నాలుగైదు వేల కుట్లు వేయగలవు. అచ్యుతాపురము వంటి చోట్ల బట్టల ఫ్యాక్టరీలో పని చేయదలచినవారు అక్కడనే వాటిపై నేర్చుకొందురు. ఇంటిలో తొలిపాఠమునకు అంత వేగము అక్కరలేదు. అది వేలు మీదికి వచ్చు వేగము.

కరెంటు విషయములో మరొక సంగతి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస ప్రాంతమున తీరము దాటినది. అక్కడి ఉద్దాన ప్రాంతమునందలి కొబ్బరి, జీడితోటలు నేలకూలినవి. స్తంభములు విరిగి ఎన్నో పల్లెలకు అనేక దినములు విద్యుత్తు లేదు. అది దసరాకు వారము ముందు. కుట్టుపని చేయువారికి సంవత్సరములో పెద్ద సంపాదన కాలము సంక్రాంతి తరువాత దసరాయే. ఆ చీకటిలో కరెంటు మిషనుకు పని లేదు. తొక్కుడు మిషను కిటికీ ప్రక్కన పగటివెలుగులో తన పని తాను చేసికొన్నది. తొక్కుడు మిషనుకు తరువాత కావలసినప్పుడు చిన్న మోటారు బిగించుకొనవచ్చును. మోకాళ్ళ నొప్పులున్నవారు మొదటిరోజుననే బిగించుకొనవచ్చును.

పాతమిషను కొనవచ్చునా అని అడుగుదురు. కొనవచ్చును. మంచి ఇనుము పాతబడినంత మాత్రమున చెడదు. కాని మన సముద్రతీరపు ఉప్పుగాలి ఇనుమునకు పగ. సూదికడ్డీకి త్రుప్పు ఉన్నదా చూడండి. ఆ కడ్డీని వ్రేళ్ళతో పట్టి ప్రక్కలకు కదపండి. వదులుగా ఊగినచో వద్దు. సూది తీసివేసి చక్రమును చేతితో మెల్లగా త్రిప్పండి. ఒకచోట పట్టినట్లు, ఒకచోట జారినట్లు తోచినచో వద్దు. చెవి యొగ్గి వినండి. బాగున్న మిషను చప్పుడు ఒకే తీరుగా, గోడగడియారము నడకవలె ఉండును. చివరకు మరల మన మూట విప్పండి. పాతదైనను కొత్తదైనను, మూట విప్పక డబ్బు విప్పకండి.

డబ్బు ఊసు వచ్చినది గనుక చెప్పెదను. వాయిదాల పద్ధతికిని మిషనుకును పాతస్నేహము. సింగర్ కంపెనీవారు 1856లోనే నెలనెల చెల్లింపు మీద మిషన్లు అమ్మసాగినారు. పేదయింటి ఆడవారి చేతికి మిషను చేరుటకు కారణములలో ఆ పద్ధతి ఒకటి. నేడు మన డ్వాక్రా సంఘముల అప్పుతో కొనువారు అనేకులు. ఇదివరకే చేతులతో దర్జీపని చేయుచున్నవారికి పి.ఎం. విశ్వకర్మ పథకము కలదు. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన ఈ పథకములోని 18 వృత్తులలో దర్జీపని ఒకటి. శిక్షణ దినములలో రోజుకు 500 రూపాయల భత్యము, పనిముట్లకు 15,000 రూపాయల సహాయము, ఆపైన 5 శాతము వడ్డీకి మొదట లక్ష రూపాయల వరకు అప్పు దానిలో ఏర్పరచినారు. మీ గ్రామ పంచాయతీలో విచారింపండి. సహాయముగా వచ్చిన సొమ్ముతో కొనునప్పుడు కూడ మూట మరువకండి. ఊరకే వచ్చిన మిషనైనను గుడ్డకు తగనిచో బస్తాలకే పీట.

యంత్రములను గాంధీజీ అంతగా ఒప్పుకొనరని మీరెరిగినదే. అట్టి మహాత్ముడు 1924లో ఒక సంభాషణలో కుట్టుమిషనును మాత్రము ప్రత్యేకించి మెచ్చుకొన్నారు. భార్య చేతికుట్టుతో అలసిపోవుట చూడలేక సింగర్ దానిని కనిపెట్టినాడనియు, ఆ యంత్రము వెనుక ప్రేమ ఉన్నదనియు ఆయన భావము. రాట్నమును, ఈ మిషనును ఒకే ఇంటిలో చూచినప్పుడెల్ల నాకు ఆ మాట స్ఫురించును.

మిషను ఇంటికి వచ్చినది. ఇక మొదటి వారము. గుడ్డ జోలికి పోకండి. మొదటి రెండు రోజులు దారము లేకుండ, గుడ్డ లేకుండ, గుడ్డను నొక్కు మిషను పాదమును పైకెత్తి ఉంచి, తొక్కుట మాత్రమే నేర్చుకొనండి. చక్రము పైభాగము మీ వైపునకు తిరుగవలెను. కొత్తవారి కాలి క్రింద అది వెనుకకు తిరుగును, దారము తెగును, కంట నీరు వచ్చును. సైకిలు నేర్చుకొన్న దినములు జ్ఞాపకము చేసికొనండి. కాలికి తాళము తెలిసిన తరువాత పిల్లల గీతల నోటుపుస్తకములోని కాగితమొకటి చింపి, దారము లేని సూదితో గీత వెంబడి కుట్టండి. చిల్లులు గీత మీద పడినచో మీ చేయి కుదిరినట్లే. ఆపైన గుండ్రముగా గీచిన గీత మీద కుట్టండి. జాకెట్టు మెడ అదే గదా! కాగితము సూది మొనను మొద్దు చేయును గనుక ఆ సూదిని కాగితమునకే వేరుగా ఉంచండి.

నూనె మాట. మిషను నూనె మాత్రమే వేయండి. కొబ్బరినూనె వేయకండి, అది కొంతకాలమునకు జిగురై మిషనును పట్టివేయును. వేసిన తరువాత పనికిరాని గుడ్డ మీద కొంతసేపు కుట్టి మిగులునూనెను తుడిచివేయండి. షటిల్ దగ్గర పేరుకొన్న దూదిని వారమునకొకసారి చిన్న కుంచెతో తీయండి. కుట్టు తప్పుచున్నచో మెకానిక్కును పిలుచుటకు ముందు సూదిని చూడండి. వంగినదో, మొద్దుబారినదో, తిరగబెట్టినదో అయియుండును. మెకానిక్కు చేయు పనిలో చాలభాగము ఆ సూదిని మార్చుటయే.

కొన్ని సంవత్సరముల క్రిందట పొందూరు వైపునుంచి ఒక పిల్ల నా వద్ద నేర్చుకొన్నది. తల్లి నూలు వడికెడిది. ఆ పిల్ల మిషను కొనుటకు పోవు దినమున నేను తోడు పోలేకపోతిని; జ్వరముతో పడియుంటిని. సాయంకాలము బస్సు దిగి నేరుగా మా ఇంటికి వచ్చినది. మిషను కొన్నావా అని అడిగినాను. కొనలేదన్నది. మూడు అంగళ్ళలో మూట విప్పినదట. రెండుచోట్ల ఖాదీ ముక్క చెడినదట. మూడవచోట సరిపడినది కాని, పరీక్షకు వాడిన సన్నసూది తప్ప అమ్ముటకు మరొకటి లేదని అంగడివారు అన్నారట. "సూదులు తెప్పిస్తామన్నారు, లచ్చివారం ఎల్తానమ్మా" అని, ఎర్రదారము కుట్టున్న మూడవ ముక్కను నా మంచము మీద పెట్టినది. దీపము దగ్గరకు తీసికొని ఇరువైపుల త్రిప్పి చూచినాను. ఒక్క చుక్కయైనను ఇవతలిది అవతలకు రాలేదు. లక్ష్మివారము ఉదయమున ఆ ముక్కను మరల మూటలో కట్టుకొని మొదటి బస్సుకే వెళ్ళినది.